అటక మీది గిటార్ ఏ ఊరిది?

ప్రశ్న:

నమస్కారమండీ. మాది నెల్లూరు. మా అమ్మ వాళ్ళ నాన్న బిట్రగుంటలో రైల్వే గార్డుగా చేసి రిటైరయ్యారు. ఆయన పోయి పన్నెండేళ్ళవుతోంది. పోయిన నెల పాత ఇల్లు ఖాళీ చేస్తుంటే అటక మీద దుప్పట్లో చుట్టిపెట్టిన గిటార్ ఒకటి దొరికింది. ఇప్పుడు షాపుల్లో చూసే గిటార్లలా లేదు. ముందు పలక చదునుగా కాకుండా ఫిడేలులా ఉబ్బెత్తుగా ఉంది. మధ్యలో గుండ్రటి రంధ్రం లేదు. రెండు పక్కలా ఫిడేలుకి ఉన్నట్టే పొడవాటి రంధ్రాలున్నాయి. తీగలు అడుగున ఒక నికెల్ రేకుకి తగిలించి ఉన్నాయి. మెడ వెనక పొడుగునా సన్నటి చారలు. కంపెనీ పేరు ఎక్కడా లేదు. లోపల కాగితం అంటించిన మరక మాత్రం ఉంది. తల వెనక అయిదంకెల నంబరు, దాని కింద 64 అని అంకె, పక్కన ఇంగ్లీషు డి అక్షరం గుద్ది ఉన్నాయి. నికెల్ రేకు లోపలివైపు డి.బి.జి.ఎం. అని చిన్న అక్షరాలున్నాయి.

పలక మీద తీగల్ని ఎత్తి పట్టే ముక్క, అదే బ్రిడ్జ్, ఊడిపోయి దుప్పట్లోనే దొరికింది. దాన్ని నిలబెట్టి చూస్తే తీగలు మెడకి దాదాపు అరంగుళం పైన ఉంటున్నాయి. వేలితో నొక్కడం కుదరదు. మెడ పైకొసన ఒక ఇనుప ముక్క ఇరికించి ఉంది. గిటార్‌తో పాటు వేలెడు పొడవున్న బరువైన నున్నటి స్టీలు కడ్డీ కూడా దొరికింది. రైల్వే సామానేమో అనుకుని పక్కన పెట్టాం.

షాపులో చూపిస్తే పాత గిబ్సన్ అయ్యుంటుందనీ, మెడ వంగిపోయిందనీ, పదిహేను వేలిస్తాననీ అన్నారు. మా చిన్నతాతయ్యేమో రెండో ప్రపంచ యుద్ధమప్పుడు బ్రిటిష్ సోల్జర్ ఇచ్చి వెళ్ళాడంటారు. మా అమ్మమ్మ మాత్రం, "డ్రైవర్ దొర ఆస్ట్రేలియా వెళ్ళిపోతూ ఇచ్చాడే, మీ పెద్దమామ కడుపులో ఉన్నప్పుడు" అంటుంది. పెద్దమామయ్య పుట్టింది 1967లో. అమ్మమ్మకి ఎనభై నాలుగేళ్ళు, కాస్త మరుపు ఉంది కాబట్టి ఆవిడ మాట ఎవరూ పట్టించుకోవడం లేదు. ఇది ఎక్కడ తయారైంది? మా అబ్బాయి బ్రిడ్జ్ ఫెవికాల్‌తో అంటించి, మళ్ళీ పాలిష్ వేయించి వాయిస్తానంటున్నాడు. చేయొచ్చా? అమ్మితే మంచిదా?

సమాధానం:

అమ్మా, ముందు మీ అబ్బాయిని ఆ ఫెవికాల్ డబ్బా పక్కన పెట్టమనండి. దాని సంగతి తర్వాత చెప్తాను.

మీరు పంపిన ఫొటోలు అన్నీ పెద్దవి చేసి చూశాను. మీ అమ్మమ్మ చెప్పిందే నిజం. ఈ గిటార్ యుద్ధకాలం నాటిది కాదు. 1964 ఏప్రిల్‌లో అప్పటి పశ్చిమ జర్మనీలో, బుబెన్‌రాయిత్ అనే చిన్న ఊళ్ళో తయారైంది. చేసిన కంపెనీ పేరు ఫ్రామస్. 1966-67లో ఆస్ట్రేలియా వెళ్తున్న మనిషి చేతిలో ఇలాంటి గిటార్ ఉండటం లెక్కకి సరిగ్గా సరిపోతుంది. 1945లో ఊరు విడిచి వెళ్తున్న సోల్జర్ చేతిలో ఇది ఉండే అవకాశమే లేదు.

ఎలా తెలిసిందో వివరంగా చెప్తాను. పేరు లేని పాత గిటార్ ఇంట్లో పెట్టుకుని తల పట్టుకునేవాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళకీ పనికొస్తుంది.

తల వెనక గుద్దిన 64 డి అన్నదే అన్నిటికంటే గట్టి ఆధారం. ఫ్రామస్ వాళ్ళు వరుస నంబరుతో పాటు రెండంకెలు, ఒక అక్షరం విడిగా వేసేవాళ్ళు. రెండంకెలు సంవత్సరం, అక్షరం నెల. ఎ అంటే జనవరి, బి ఫిబ్రవరి, అలా ఎల్ దాకా పన్నెండు నెలలు. డి నాలుగో అక్షరం, అంటే ఏప్రిల్. మీ ఫొటోలో ఆ అంకెల గుంటల్లో కొద్దిగా దుమ్ము పేరుకుని ఉంది. అది మీ అదృష్టం. దుమ్ము ఉండబట్టే అక్షరాలు తెల్లగా తేలి కనబడుతున్నాయి.

ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన రోజుల్లో ఒక పెద్దాయన ఇలాంటి పేరులేని గిటారే తెచ్చిచ్చారు. తల వెనక మురికి పట్టి అసహ్యంగా ఉందని శాండ్‌పేపర్ పెట్టి నున్నగా రుద్దేశాను. సగం రుద్దాక ఏవో అంకెలు ఉన్నట్టు అనిపించింది. ఆగి చూసేసరికి ఒక్క ఏడు మాత్రం మిగిలింది. ఆయన తండ్రి ఆ గిటార్ ఎప్పుడు కొన్నారో తేల్చగల ఒకే ఒక్క గుర్తు నా చేతిలో పొడైపోయింది. ఆయన నన్ను ఏమీ అనలేదు. నాకు మాత్రం ఇప్పటికీ శాండ్‌పేపర్ చేతికి తీసుకుంటే ఆ ఏడంకె కళ్ళ ముందు మెదులుతుంది. అందుకే చెప్తున్నాను: పాత వాయిద్యం ఏదైనా సరే, తుడవడానికి ముందే ప్రతి మూలా ఫొటో తీయండి. తల వెనక, మెడ ఒంటికి కలిసే చోట, రేకు లోపలివైపు, బ్రిడ్జ్ అడుగున, రంధ్రంలోంచి కనిపించే ప్రతి అంగుళం.

అంకె ఒక్కటే చూసి తీర్పు చెప్పేస్తే పొరపాటు జరగొచ్చు. 64 డి అని ఇంకెవరైనా ఇంకో లెక్కలో గుద్ది ఉండొచ్చు కదా. అందుకే మెడ చూశాను. మీరు చారలు అన్నవి రంగు వేసిన గీతలు కావు. విడివిడి చెక్క పట్టీలను నిలువుగా పక్కపక్కన పేర్చి, జిగురు పెట్టి బిగించి, ఆ దిమ్మని మెడగా చెక్కారు. మీ ఫొటోలో మడమ దగ్గర, అంటే మెడ ఒంటిలోకి దిగే చోట, ఆ పట్టీల కొసలు పుస్తకం పేజీల్లా కనబడుతున్నాయి. ఇన్ని పల్చటి పొరలతో మెడ చేయడం ఫ్రామస్ వాళ్ళ ప్రత్యేకత. తమ ప్రచారంలో కూడా వాళ్ళు దీన్ని గొప్పగా చెప్పుకునేవాళ్ళు.

మన బొబ్బిలి వీణ చూడండి. కుండ, దండి అంతా ఒకే పనస మానులోంచి తొలుస్తారు కాబట్టి దాన్ని ఏకాండి వీణ అంటాం. అతుకు లేకపోవడమే దాని గొప్ప. ఫ్రామస్ ఆలోచన దానికి పూర్తిగా ఎదురుది. ఒకే చెక్కయితే ఎండకీ చెమ్మకీ అది ఎటు తిరగాలనుకుంటే అటు మెలితిరుగుతుంది. పది పట్టీలు కలిపితే ఒకటి అటు లాగినా పక్కది ఇటు పట్టి ఉంచుతుంది. అరవై ఏళ్ళు దాటినా, అందులో ఎన్నో వేసవులు అటక మీద గడిపినా మీ గిటార్ మెడ నిటారుగా ఉండటానికి కారణం అదే. అవునమ్మా, మెడ వంగలేదు. షాపులో చెప్పింది తప్పు. పక్కనుంచి తీసిన మూడో ఫొటోలో ఒక స్కేలు ఆనించి చూశాను, తేడా దాదాపు లేదు. తీగలు అంత ఎత్తున ఉండటానికి కారణం వేరే ఉంది, అక్కడికి వస్తాను.

మూడో సాక్ష్యం ఆ నికెల్ రేకు మీది డి.బి.జి.ఎం. జర్మనీలో చిన్న చిన్న డిజైన్లకి పేటెంట్ లాంటి రిజిస్ట్రేషన్ ఒకటి ఉండేది. యుద్ధానికి ముందు దాని గుర్తు డి.ఆర్.జి.ఎం. అందులో ఆర్ అంటే రైష్, పాత జర్మన్ రాజ్యం. యుద్ధం ఓడిపోయి, దేశం రెండుగా చీలి, 1949లో పశ్చిమ జర్మనీ ఏర్పడ్డాక ఆర్ పోయి బి వచ్చింది. బి అంటే బుండ్, ఫెడరల్ అన్న అర్థంలో. ఆ ఒక్క అక్షరంతోనే ఈ రేకు యుద్ధం తర్వాతిదని తేలిపోతుంది. మీ చిన్నతాతయ్యకి ఈ ముక్క చూపించండి. అంకెల లెక్క నమ్మకపోయినా దీన్ని కాదనలేరు.

ఇక గిబ్సన్ అన్న మాట. ఎఫ్ ఆకారం రంధ్రాలు, ఉబ్బెత్తు పలక ఉన్న గిటార్‌ని 1922లో ఎల్-5 పేరుతో బయటికి తెచ్చింది అమెరికాలోని గిబ్సన్ కంపెనీయే. ఆ తర్వాత ప్రపంచమంతా ఆ రూపాన్ని అనుసరించింది. షికాగోలో హార్మనీ, కే లాంటి కంపెనీలు వాటిని లెక్కలేనన్ని చేశాయి, యూరప్‌లోనూ చేశారు, జపాన్‌లోనూ చేశారు. కాబట్టి ఆకారం చూసి గిబ్సన్ అనడం అంటే తెల్ల అంబాసిడర్ కనబడగానే కలెక్టరు గారి కారు అనుకోవడం లాంటిది. మీ గిటార్ మెడ మొదట్లో, ఆ ఇనుప ముక్క కింద, నట్‌కి (మెడ మొదట తీగలు ఆనే గాడుల ముక్కకి) ఆనుకుని ఒక అదనపు మెట్టు ఉంది. దాన్ని జీరో ఫ్రెట్ అంటారు. అప్పటి జర్మన్ గిటార్లలో అది మామూలు విషయం. గిబ్సన్ వాళ్ళ పాత గిటార్లకి అది ఉండదు. అమెరికాలో గ్రెట్ష్ అనే కంపెనీ 1959 ప్రాంతంలో దాన్ని వాడటం మొదలుపెట్టింది కాబట్టి ఈ ఒక్క గుర్తుతో దేశం తేల్చలేం. కానీ పట్టీల మెడ, తల వెనక అంకె, రేకు మీది అక్షరాలు, జీరో ఫ్రెట్ నాలుగూ ఒకే దిక్కు చూపిస్తుంటే ఇంక అనుమానం ఎందుకు?

ఇంకో చిన్న పరీక్ష ఇంట్లోనే చేయొచ్చు. ఎఫ్ రంధ్రం అంచుని సెల్‌ఫోన్ లైటులో దగ్గరగా చూడండి. మీరు పంపిన ఫొటోలో అక్కడ మూడు పొరలు కనబడుతున్నాయి. అంటే ముందు పలకని ఉలితో చెక్కలేదు, ప్లైవుడ్‌ని అచ్చులో పెట్టి నొక్కి ఉబ్బెత్తు చేశారు. చేత్తో చెక్కిన ఖరీదైన గిటార్లకి అక్కడ ఒకే చెక్క అంచు దాకా కనబడుతుంది. ఇది మీ గిటార్‌ని తక్కువ చేసే విషయం కాదు. డ్యాన్స్ బ్యాండుల్లో రోజూ వాయించే మనుషుల కోసం చేసిన గట్టి గిటార్ ఇది.

పేరు కాగితం ఊడిపోయి మరకే మిగిలిందని రాశారు. నిజం చెప్పాలంటే, ఉన్నా అది మిమ్మల్ని దారి తప్పించి ఉండేదేమో. బీటిల్స్ పాల్ మెకార్ట్‌నీ కుర్రతనంలో ట్రంపెట్ ఇచ్చేసి తీసుకున్న తొలి గిటార్ మీద జెనిత్ అని ఉంటుంది. జెనిత్ అన్నది ఇంగ్లండులో బూసీ అండ్ హాక్స్ అనే కంపెనీ అమ్మిన పేరు. గిటార్ చేసింది మాత్రం ఫ్రామస్ వాళ్ళే. ఆ రోజుల్లో ఫ్యాక్టరీ ఒకటి, అమ్మే పేరు ఇంకొకటి కావడం సర్వసాధారణం. బయట దేశాల దుకాణదారులు తమ పేరు కాగితం మీద అచ్చేయించి లోపల అంటించుకునేవాళ్ళు. అందుకే నేను పేరు కంటే ముందు చెక్క పని చూస్తాను.

ఇప్పుడు అసలు పుట్టుక గురించి. ఈ భాగం మీ అబ్బాయికి చదివి వినిపించండి.

ఇప్పటి చెక్ దేశపు పడమటి అంచున లూబి అనే ఊరు ఉంది. జర్మన్ మాట్లాడేవాళ్ళు దాన్ని షోన్‌బాఖ్ అనేవారు. వందల ఏళ్ళుగా ఆ ఊరూ చుట్టుపక్కల పల్లెలూ ఫిడేళ్ళు చేసి బతికాయి. మన మంగళగిరిలోనో పోచంపల్లిలోనో ఇంటింటికీ మగ్గం ఉన్నట్టు అక్కడ ఇంటింటికీ ఉలి, జిగురు కుండ. ఒక ఇంట్లో మెడలు చెక్కుతారు, ఇంకో ఇంట్లో పలకలు, మరో ఇంట్లో బిరడాలు. సరిహద్దు దాటితే జర్మనీ వైపు మార్క్‌నాయ్‌కిర్షెన్, అక్కడా ఇదే వృత్తి. అమెరికాలో పేరుమోసిన మార్టిన్ గిటార్ల కంపెనీ పెట్టిన క్రిస్టియన్ ఫ్రెడెరిక్ మార్టిన్ కూడా ఆ మార్క్‌నాయ్‌కిర్షెన్‌లో పుట్టి 1833లో అమెరికాకి వలస వెళ్ళినవాడే. అంటే సముద్రానికి ఇటువైపు గిటార్లకీ అటువైపు గిటార్లకీ పుట్టిల్లు ఒక రకంగా అవే కొండలు.

1945లో యుద్ధం ముగిసింది. చెకోస్లొవేకియాలో ఉన్న జర్మన్ కుటుంబాల్ని దేశం నుంచి పంపించేశారు. షోన్‌బాఖ్ పనివాళ్ళు చేతికందిన మూటలతో ఊరు వదిలారు. వాళ్ళలో ఫ్రెడ్ విల్ఫర్ అనే యువకుడు, ఈ పనివాళ్ళంతా తలో దిక్కూ చెదిరిపోతే విద్యే పోతుందని గ్రహించి, వాళ్ళని బవేరియాలో ఎర్లాంగెన్ పరిసరాల్లో ఒకచోట చేర్చే ప్రయత్నం చేశాడు. 1946లో కంపెనీ పెట్టాడు. ఆ ప్రాంతం పేరు ఫ్రాంకెన్. ఫ్రాంకెన్ సంగీత వాయిద్యాలు అనే అర్థం వచ్చే జర్మన్ మాటల్ని కుదిస్తే వచ్చిన పేరే ఫ్రామస్. 1949లో పక్కనే ఉన్న బుబెన్‌రాయిత్ అనే పల్లె, పట్టుమని అయిదొందల మంది కూడా లేని ఊరు, తమకంటే ఎన్నో రెట్లు ఎక్కువ ఉన్న ఈ కాందిశీకుల్ని తమ పొలాల పక్కన ఇళ్ళు కట్టుకుని ఉండమని ఒప్పుకుంది. ఫ్రామస్ ఫ్యాక్టరీ 1954లో ఆ ఊరికే మారింది. షోన్‌బాఖ్‌లో 1887లో మొదలైన హోఫ్నర్ కంపెనీ కూడా ఇలాగే వచ్చి బుబెన్‌రాయిత్‌లో స్థిరపడింది. ఇందాక చెప్పిన మెకార్ట్‌నీ ఆ తర్వాతి రోజుల్లో వాయించిన ఫిడేలు ఆకారపు బేస్ గిటార్ వాళ్ళదే.

వెనక మిగిలినవాళ్ళు చెక్ ప్రభుత్వ కంపెనీలో పని చేశారు. మార్క్‌నాయ్‌కిర్షెన్ తూర్పు జర్మనీ కిందికి వెళ్ళింది, అక్కడా ప్రభుత్వ ఫ్యాక్టరీయే వచ్చింది. ఒకే కొండల విద్య మూడు దేశాల్లోకి చీలిపోయింది. అందుకే ఈ గిటార్లు చూడటానికి అక్కచెల్లెళ్ళలా ఉంటాయి. విడదీసి చెప్పాలంటే మెడ, అంకె, రేకు మీది అక్షరాలు ఇలా ఒక్కొక్కటీ చూడాల్సిందే. మీ గిటార్ ముందు పలక ఫిడేలులా ఎందుకు ఉబ్బి ఉంది అంటే నాకు తోచే జవాబు ఇదే. అది చేసిన చేతులకి తరతరాలుగా ఫిడేలే అలవాటు.

ఫ్రామస్ 1970ల రెండో సగంలో మూతపడింది. వ్యవస్థాపకుడి కొడుకు 1990లలో ఆ పేరుని మళ్ళీ నిలబెట్టాడు. మార్క్‌నాయ్‌కిర్షెన్‌లో పాత ఫ్రామస్ వాయిద్యాలకి ఒక మ్యూజియం కూడా పెట్టారు. పాత కేటలాగుల బొమ్మలు ఇంటర్నెట్‌లో చూడొచ్చు. ఒళ్ళు అడుగుభాగంలో ఎంత వెడల్పు ఉందో టేపుతో కొలిచి, తల మీది ప్లాస్టిక్ పలక ఆకారాన్ని ఆ బొమ్మలతో పోల్చి చూస్తే మోడల్ పేరు కూడా దొరుకుతుంది. సాయంత్రం పూట మీ అబ్బాయికి అప్పజెప్పండి, సరదాగా ఉంటుంది.

మీ చిన్నతాతయ్య మాటని అబద్ధం అని కొట్టేయకండి. యుద్ధం రోజుల్లో సోల్జర్లు రావడం, పోవడం ఆయన చిన్నప్పుడు చూసి ఉంటారు, విని ఉంటారు. దొర ఇచ్చిన గిటార్ అన్న మాట దానితో కలిసిపోయి ఉంటుంది. ఇళ్ళల్లో కథలు అలా కలుస్తూనే ఉంటాయి. బిట్రగుంట ఆవిరి ఇంజన్ల కాలంలో పెద్ద లోకో షెడ్ ఉన్న రైల్వే ఊరు, ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు చాలా ఉండేవి. 1960లలో వాళ్ళలో ఎంతోమంది ఆస్ట్రేలియా, ఇంగ్లండ్, కెనడా వెళ్ళిపోయారు. ఓడలో తీసుకెళ్ళగల సామాను తక్కువ. మంచాలు, పియానోలు, గిటార్లు తోటివాళ్ళకి ఇచ్చేసి వెళ్ళారు. అప్పట్లో మన దేశంలో విదేశీ సామాను దిగుమతి మీద గట్టి ఆంక్షలు ఉండేవి కాబట్టి, అలాంటి గిటార్ దొరకడం మీ తాతయ్యకి పండగే అయ్యుంటుంది.

ఇక నాకు అన్నిటికంటే సంతోషం కలిగించిన వస్తువు, మీరు రైల్వే సామాను అనుకున్న ఆ స్టీలు కడ్డీ.

అది హవాయి గిటార్ వాయించే కడ్డీ అమ్మా. మెడ పైకొసన ఇరికించిన ఇనుప ముక్క దానికి జోడీ. మామూలు గిటార్‌ని హవాయి గిటార్‌గా మార్చడానికి ఆ ముక్కని నట్ మీద తొడుగుతారు. తీగలు పైకి లేస్తాయి. అప్పుడు గిటార్‌ని ఒళ్ళో పడుకోబెట్టి, ఎడమ చేత్తో కడ్డీని తీగల మీద జార్చుతూ, కుడి చేత్తో మీటుతారు. వేలితో నొక్కే పని లేదు కాబట్టి అంత ఎత్తు కావాలి, లేకపోతే కడ్డీ మెట్లకి తగిలి గరగరమంటుంది. మెడ వంగిందని షాపులో అన్నది ఈ ఎత్తు చూసే. ఆ ముక్క మెల్లగా పైకి లాగితే వచ్చేస్తుంది, తీగలు మామూలు ఎత్తుకి దిగుతాయి.

హవాయి దీవుల్లో 19వ శతాబ్దం చివర పుట్టిన ఈ పద్ధతి 1915లో శాన్ ఫ్రాన్సిస్కో ఎగ్జిబిషన్ తర్వాత అమెరికాని ఊపేసింది. హవాయి నుంచి బయలుదేరి ప్రపంచం తిరిగిన టౌ మో కుటుంబం 1940లలో కలకత్తాలో ఉండి వాయించింది. అక్కడి నుంచి ఈ పద్ధతి రేడియోల ద్వారా, సినిమా పాటల ద్వారా దేశమంతా పాకింది. మనవాళ్ళకి అంతగా ఎందుకు నచ్చిందో ఊహించడం కష్టం కాదు. మెట్టు నుంచి మెట్టుకి దూకకుండా స్వరం జారుతుంది. మన సంగీతంలో గమకాల్లో జారు అనే పేరే ఉంది. వీణ లాంటి గోటువాద్యం మీద కూడా మెట్లు లేకుండా ఒక కడ్డీనే జార్చి వాయిస్తారు. ఆ తర్వాత బ్రిజ్ భూషణ్ కాబ్రా రాగాలనే ఈ గిటార్ మీదికి తెచ్చారు. విశ్వమోహన్ భట్ 1994లో గ్రామీ అవార్డు దాకా తీసుకెళ్ళారు.

మీ రెండో ఫొటోలో ఇంకో విషయం కనబడింది. మొదటి మూడు మెట్ల మీద, సన్న తీగల కింద చిన్న చిన్న గుంటలు పడి ఉన్నాయి. మిగతా మెట్లన్నీ కొత్తవిలా మెరుస్తున్నాయి. కడ్డీతో వాయిస్తే మెట్లు అరగవు. వేళ్ళతో నొక్కి, అదీ మెడ మొదట్లో కార్డులు (కొన్ని స్వరాలు కలిపి ఒకేసారి మోగించడం) పట్టి గట్టిగా వాయిస్తేనే ఇలా అరుగుతాయి. కాబట్టి ఇద్దరు మనుషులు ఈ గిటార్‌ని రెండు రకాలుగా వాయించారు. ముందుగా ఆ డ్రైవర్ దొర, రైల్వే ఇన్‌స్టిట్యూట్ (ఉద్యోగుల క్లబ్బు) డ్యాన్సుల్లో అయ్యుండొచ్చు, కార్డులు వాయించాడు. తర్వాత మీ తాతయ్య ఆ ముక్క తొడిగి ఒళ్ళో పెట్టుకుని కడ్డీతో వాయించారు. మీ అమ్మమ్మని అడగండి, "తాతయ్య గిటార్ నిలబెట్టి వాయించేవారా, ఒళ్ళో పడుకోబెట్టి వాయించేవారా?" అని. ఒళ్ళో అని చెబుతుందని నా నమ్మకం.

ఇప్పుడు ఫెవికాల్ సంగతి. ఈ రకం గిటార్‌కి బ్రిడ్జ్ అంటించరు. ఫిడేలుకి అంటిస్తామా? తీగల బిగువుతోనే అది నిలబడుతుంది. తీగలు వదులైనప్పుడు కింద పడింది అంతే, ఊడిపోలేదు. అంటిస్తే శ్రుతి ఎప్పటికీ కుదరదు, తీయాలంటే పై పొర చెక్క కూడా లేచి వస్తుంది. దాన్ని ఎక్కడ పెట్టాలో ఇలా తెలుసుకోండి. జీరో ఫ్రెట్ నుంచి పన్నెండో మెట్టు దాకా టేపుతో కొలవండి. అంతే దూరం పన్నెండో మెట్టు నుంచి కిందికి కొలిచి, అక్కడ బ్రిడ్జ్ నిలబెట్టండి. లావు తీగల వైపు రెండు మూడు మిల్లీమీటర్లు వెనక్కి జరపండి. పలక మీద పాత బ్రిడ్జ్ కాళ్ళ మచ్చలు లీలగా కనబడుతున్నాయి, అవి సాయం చేస్తాయి. స్టీలు తీగలే వేయండి, కానీ సన్నవి. పదో నంబరు సెట్ అని అడిగితే ఇస్తారు. ఒకేసారి పూర్తి శ్రుతికి లాగకండి. మొదటి రోజు బాగా తగ్గించి బిగించి, రెండు మూడు రోజులు వెనక పలక అతుకుల్ని గమనిస్తూ పెంచండి. ఎడమ అంచున అతుకు ఒక చోట విచ్చినట్టు నాకు అనిపిస్తోంది. పది రూపాయల నోటు దూరితే చెక్క పని తెలిసినవాళ్ళకి చూపించాలి, మీరు జిగురు పోయకండి.

మళ్ళీ పాలిష్ వద్దు. అంచున నలుపు, నడుమ తేనె రంగు వచ్చేలా వేసిన ఆ పాత పూత పోతే తిరిగి రాదు. థిన్నర్, స్పిరిట్, శానిటైజర్ ఏదీ తగలనివ్వకండి. మెత్తటి బనియన్ గుడ్డ కొద్దిగా తడిపి, గట్టిగా పిండి తుడవండి, వెంటనే పొడి గుడ్డతో ఒకసారి. తల వెనక అంకెల జోలికి అసలు వెళ్ళకండి. మళ్ళీ అటక ఎక్కించొద్దు. మండువేసవిలో అటక మీది వేడికి జిగురు మెత్తబడుతుంది. ఎండ పడని గదిలో, బయటి గోడకి ఆనించకుండా ఉంచితే చాలు.

అమ్మే విషయం. ఇది లక్షలు పలికే గిటార్ కాదు. అలా అని తొందరపడి ఇచ్చేయాల్సిందీ కాదు. పాత గిబ్సన్ అని నిజంగా నమ్మినవాళ్ళు పదిహేను వేలు చెప్పరు కదా, ఆ మాట మీరే ఆలోచించండి. ధర తెలుసుకోవాలంటే ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ళు అడుగుతున్న రేట్లు చూడకండి, అమ్ముడైపోయిన వాటి రేట్లు చూడండి. నా మట్టుకు నేనైతే ఇంట్లో వాయిస్తానని అడిగే పిల్లవాడు ఉండగా అమ్మను.

ఒక్క పని మాత్రం తీగలు కొనడానికి ముందే చేయండి. అమ్మమ్మ పక్కన కూర్చుని, ఫోన్‌లో రికార్డింగ్ ఆన్ చేసి, డ్రైవర్ దొర పేరేంటో, ఏ క్వార్టర్స్‌లో ఉండేవాడో, తాతయ్య సాయంత్రాలు ఏ పాటలు వాయించేవారో అడగండి. ఆవిడ చెప్పినట్టే, చెప్పిన వరసలోనే ఉంచండి. మధ్యలో చిన్నతాతయ్య గారిని సరిదిద్దనివ్వకండి. ఆ కడ్డీని, ఇనుప ముక్కని గుడ్డ సంచీలో వేసి గిటార్ దగ్గరే ఉంచండి. కడ్డీకి తుప్పు మచ్చలుంటే కొబ్బరినూనె రాసి తుడిస్తే సరిపోతుంది.